చైనా వైద్యంలో అవరోధహర మూలికల పేర్లు: పోలిక, ప్రమాణం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
చైనా సంప్రదాయ వైద్యం శరీరంలో ‘జింగ్-లువో’ అనే మార్గవ్యవస్థ ఉందని, అందులో ప్రవాహం ఆగితే నొప్పి, తిమ్మిరి, పక్షవాతం వంటి బాధలు కలుగుతాయని భావిస్తుంది. ఆ అవరోధాన్ని తొలగిస్తాయని చెప్పే మూలికల పేర్లలో చాలావాటికి ఒక పోలిక ఆధారంగా ఉంది. ఆ పోలిక గుర్తుగా ఎంతవరకు పనిచేస్తుంది, ప్రమాణంగా ఎక్కడ విఫలమవుతుంది అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన చర్చ. జింగ్, లువో, మై, తోంగ్ అనే పదాల అర్థచిత్రాలను, లీ షిజెన్, వాంగ్ చింగ్‌రెన్ గ్రంథాలలోని ఉదాహరణలను, ‘ము తోంగ్’ అనే పేరు చరిత్రను ఇందులో పరిశీలించడం జరిగింది. ఈ పదజాలాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు చివర సూచించబడ్డాయి.

కీలకపదాలు: జింగ్-లువో, తోంగ్, మూలికానామం, రూపకం, ఉపమానప్రమాణం, ము తోంగ్, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

పేరుకూ వస్తువుకూ పొంతన లేకపోవడాన్ని తెలుగువారు “నేతిబీరకాయలో నెయ్యి” అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ నేతిబీర ముదిరి ఎండినప్పుడు లోపల మిగిలే పీచును తెలుగునాట ఒళ్ళు రుద్దుకోవడానికి వాడతారు. చైనా సంప్రదాయ వైద్యంలో అదే పీచు ఒక ఔషధం. దాని పేరు ‘సి గువా లువో’. ‘సి’ అంటే పట్టుదారం, ‘గువా’ అంటే దోస, బీర, గుమ్మడి జాతి కాయ, ‘లువో’ అంటే వల. శరీరమంతటా అల్లుకొని ఉన్నాయని ఆ వైద్యం చెప్పే సూక్ష్మమార్గాల పేరు కూడా ‘లువో’యే. ఆ పీచు ఆ మార్గాలలోని అడ్డును తొలగిస్తుందని దానికి గుణం చెప్పారు.

ఇక్కడ పేరు, రూపం, గుణం అనే మూడూ ఒకే మాటలో కలిసిపోయాయి. కాయ లోపలి అల్లిక శరీరంలోని అల్లికను పోలి ఉంది. కనుక దానికి ఆ పేరు. ఆ పేరు ఉంది కనుక ఆ గుణం. ఈ వరుసలో మొదటిది వర్ణన, రెండవది నామకరణం, మూడవది వైద్యనిర్ణయం. మొదటి రెండింటి నుంచి మూడవదానికి వెళ్ళడం న్యాయమేనా అన్న ప్రశ్న వైద్యులకు ఎంత ముఖ్యమో, భాషాసాహిత్య విమర్శకూ అంతే ముఖ్యం. ఉపమకూ హేతువుకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది అలంకారశాస్త్రం, న్యాయశాస్త్రం చిరకాలంగా చర్చించిన విషయమే.

2. జింగ్, లువో, మై – పదాలలోని చిత్రాలు:

‘జింగ్’ అన్న చైనా లిపిసంకేతంలో ఎడమవైపు ఉన్నది పట్టుదారపు గుర్తు. ఆ మాటకు మూలార్థం మగ్గం మీద నిలువుగా సాగే దారం, అంటే తెలుగు నేతపనిలోని ‘పడుగు’. ‘లువో’ సంకేతంలోనూ అదే పట్టుదారపు గుర్తు ఉంది. శరీరంలో పొడవుగా సాగే ప్రధానమార్గాలు జింగ్, వాటి మధ్య వలలా పరచుకున్న శాఖలు లువో. ఈ రెండు మాటలు శరీరాన్ని ఒక నేతగా చూపుతాయి.

‘జింగ్’కు మరో అర్థం కూడా ఉంది. ప్రామాణిక గ్రంథాన్ని జింగ్ అంటారు. ఈ వైద్యానికి మూలగ్రంథమైన ‘హువాంగ్‌ది నేయ్‌జింగ్’ పేరు చివర ఉన్నది ఈ మాటే. భారతదేశం నుంచి వెళ్ళిన బౌద్ధగ్రంథాలను చైనా భాషలోకి అనువదించినవారు సంస్కృతంలోని ‘సూత్రం’ అన్న పదానికి ‘జింగ్’ను వాడారు. సూత్రమంటే దారం, సూత్రమంటే శాస్త్రవాక్యం. రెండు భాషలలోనూ దారమే శాస్త్రమైంది కాబట్టి ఆ అనువాదం చక్కగా కుదిరింది. తెలుగు పాఠకుడికి జింగ్ అన్న మాటను దగ్గర చేయగల దారి ఇదే.

‘మై’ అన్న మూడవ మాటలోని చిత్రం వేరు. దాని ప్రాచీన లిపిరూపంలో మాంసాన్ని సూచించే గుర్తు పక్కన పాయలుగా చీలే నీటి గుర్తు ఉంది. అంటే ఇది నది. నేయ్‌జింగ్‌లోని ‘లింగ్‌షు’ భాగం 12వ అధ్యాయం శరీరంలోని 12 ప్రధానమార్గాలను 12 నదులతో జతచేసి చూపుతుంది. అయితే ఈ 12 అనే సంఖ్య మొదటినుంచీ స్థిరంగా లేదు. 1973లో మావాంగ్‌దుయి వద్ద, క్రీ.పూ. 168లో మూసిన సమాధి నుంచి వెలికివచ్చిన పట్టువస్త్ర ప్రతులలో 11 మైలే కనిపిస్తాయి. మార్గవ్యవస్థ ఒకేసారి పూర్ణరూపంలో వెలువడింది కాదని, క్రమంగా కూర్చబడిందని దీనివల్ల తెలుస్తుంది.

నేత, నది అనే ఈ రెండు చిత్రాలు ఒకే వ్యవస్థకు చెందినవైనా వాటి తర్కం ఒకటి కాదు. నదికి అడ్డుపడవచ్చు, నది ఎండిపోవచ్చు, గట్టు తెగి పొంగవచ్చు. పడుగుదారానికి అడ్డుపడడం అన్న మాటే పొసగదు. అది తెగవచ్చు, చిక్కుపడవచ్చు, సడలవచ్చు.

ఐరోపా భాషలు ఈ వ్యవస్థకు ‘మెరిడియన్’ అన్న పేరు పెట్టాయి. ఫ్రెంచి రచయిత జార్జ్ సూలియే ద మొరాఁ ఆక్యుపంక్చర్‌పై రాసిన గ్రంథం 1939 నుంచి ప్రచురితం కావడంతో ఈ పదానికి వ్యాప్తి కలిగింది. మెరిడియన్ అంటే భూగోళపటం మీది నిలువుగీత. ఆధునిక చైనా భాషలో ఆ గీతకు వాడే మాటలోనూ ‘జింగ్’ ఉన్నందున ఈ అనువాదం పూర్తిగా నిరాధారం కాదు. కానీ పటం మీది గీతకు లోపలి భాగమంటూ ఉండదు. లోపల ఖాళీ లేని గీత మూసుకుపోవడం ఎలా? ‘మెరిడియన్ మూసుకుపోయింది’ అన్న వాక్యం రెండు పొసగని రూపకాల కలయిక. ఆంగ్లం ద్వారా ఈ విషయాన్ని అందుకొనే తెలుగు పాఠకుడికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇది.

3. ‘తోంగ్’ అర్థవిస్తృతి:

ఈ చికిత్సకు మూలమైన క్రియాపదం ‘తోంగ్’. ఒక చివర నుంచి మరో చివరకు ఆటంకం లేకుండా సాగిపోవడం, సాగిపోయేలా చేయడం రెండూ దాని అర్థాలే. ప్రవాహం సాగనిచోట నొప్పి పుడుతుందన్న భావం ఈ సంప్రదాయంలో నానుడిగా స్థిరపడింది. నేటి జనరంజక రచనలలో ‘తోంగ్’ను మూసుకున్న గొట్టాన్ని తెరవడంగా వివరించడం పరిపాటి అయింది. సంప్రదాయ వైద్యులందరూ ఆ మాటను అంత ఇరుకుగా తీసుకోలేదు. చింగ్ వంశకాలపు వైద్యుడు గావో షిజోంగ్ ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాడు. బలహీనంగా ఉన్నదానికి బలమిచ్చి సాగించడమూ తోంగే, చల్లబడి ఆగినదాన్ని వేడిచేసి సాగించడమూ తోంగే, విరేచనం చేయించి తోసివేయడమే తోంగ్ అనుకోవడం పొరపాటని ఆయన అభిప్రాయం.

భారతీయ వైద్యంలో దీనికి దగ్గరగా వచ్చే భావన స్రోతస్సు. చరకసంహిత విమానస్థానంలోని 5వ అధ్యాయం స్రోతస్సులనే ప్రత్యేకంగా చర్చిస్తుంది. స్రోతస్సులకు కలిగే దోషాలను అతిప్రవృత్తి, సంగం, సిరాగ్రంథి, విమార్గగమనం అని 4 విధాలుగా చెబుతారు. వీటిలో అడ్డుపడడాన్ని సూచించేది ‘సంగం’ ఒక్కటే. మితిమీరి ప్రవహించడం, దారి తప్పి ప్రవహించడం కూడా దోషాలే. ప్రవాహాన్ని ఊహించిన రెండు సంప్రదాయాలూ ‘అడ్డు’ను అనేక స్థితులలో ఒకటిగానే చూశాయి. రోగమంతటినీ అడ్డుగా, చికిత్స అంతటినీ అడ్డు తొలగింపుగా కుదించడం ఆధునిక సంక్షిప్త వివరణల పని.

4. పేర్లలో పోలిక:

లీ షిజెన్ 1578లో పూర్తిచేసిన ‘బెన్‌త్సావో గాంగ్‌ము’ 1892 ద్రవ్యాలను వివరించిన బృహద్గ్రంథం. అందులో ముదిరిన నేతిబీరను గురించి చెబుతూ, దాని లోపలి నరాలు ఒకదానితో ఒకటి అల్లుకొని ఉంటాయని, కనుకనే అది మనిషిలోని మార్గాలను, అంతరాంగాలను తెరవగలదని ఆయన భావించాడు. ఆ ‘కనుకనే’ అన్న సంధానం గమనించదగినది. అంతకుముందు వర్ణనగా ఉన్నది ఆ మాటతో హేతువుగా మారింది.

ఇలాంటి పేర్లు మరికొన్ని ఉన్నాయి. ‘లు లు తోంగ్’ అంటే ‘దారిదారీ తెరుచుకున్నది’ అని అర్థం. ఇది లిక్విడాంబర్ జాతి చెట్టు ఎండుకాయ. గుండ్రని కాయకు అన్నివైపులా రంధ్రాలు ఉంటాయి. ‘జీ శ్యూయే తెంగ్’ అంటే ‘కోడినెత్తురు తీగ’. కోసినచోట ఎర్రని రసం కారుతుంది, కనుక రక్తాన్ని నడిపిస్తుందన్నారు. ‘దీ లోంగ్’ అంటే ‘నేల డ్రాగన్’, అంటే వానపాము. సంస్కృతం నుంచి వచ్చిన ‘భూనాగం’ అన్న పేరులోనూ ఇదే ఊహ ఉంది. గట్టినేలను తొలుచుకుంటూ పోయే జీవి శరీరంలోని మూసుకున్న దారులనూ తొలుస్తుందని భావించారు.

ఈ పేర్లను కేవలం మూఢవిశ్వాసంగా కొట్టివేయడం సరికాదు. వందల ద్రవ్యాలను గుర్తుపెట్టుకోవలసిన వైద్యుడికి రూపాన్నీ వాడుకనూ కలిపి చెప్పే పేరు జ్ఞాపకానికి సాధనం. పైగా కొన్నిచోట్ల వాడుకే ముందు ఏర్పడి, పోలిక తర్వాత వివరణగా చేరి ఉండవచ్చు. వానపాముల నుంచి రక్తపుగడ్డను కరిగించే ఎంజైములను జపాన్ పరిశోధకులు 1980లలో వేరుచేశారు. అయితే ఆ ఎంజైముకూ వానపాము నేలను తొలిచే స్వభావానికీ సంబంధం లేదు. పోలిక చెప్పిన కారణం వేరు, ప్రయోగం చూపిన కారణం వేరు. ఫలితం ఒకవైపుకు మొగ్గినంత మాత్రాన పోలిక ప్రమాణం కాజాలదు.

ఇక్కడ న్యాయశాస్త్రం చేసిన విభజన ఉపకరిస్తుంది. నైయాయికులు ఉపమానాన్ని ప్రమాణంగా అంగీకరించారు. కానీ దాని పరిధిని కచ్చితంగా నిర్ణయించారు. ‘గవయం ఆవులా ఉంటుంది’ అని విన్నవాడు అడవిలో ఆ జంతువును చూసి ‘ఇదే గవయం’ అని గుర్తిస్తాడు. ఉపమానం వల్ల కలిగే జ్ఞానం ఇంతే: ఈ పేరు ఈ వస్తువుది అన్న నిర్ణయం. గవయం పాలు ఆవుపాలలా ఉంటాయా అన్నది ఉపమానం తేల్చదు. మూలికల పేర్లకు దీన్ని అన్వయిస్తే, పోలిక మొక్కను గుర్తించడానికి పనికివస్తుంది, గుణాన్ని నిర్ణయించడానికి పనికిరాదు. ఆ గుర్తింపు కూడా తప్పిపోతే ఏమవుతుందో ‘ము తోంగ్’ ఉదంతం చూపుతుంది. దానికి ముందు, పోలికను దాటి ఆలోచించిన ఒక వైద్యుడిని చూడవలసి ఉంది.

5. ‘బుయాంగ్ హువాన్‌వు తాంగ్’ – రూపకానికి సవరణ:

వాంగ్ చింగ్‌రెన్ (1768-1831) తన ముందరి వైద్యగ్రంథాలలోని శరీరవర్ణనలను నమ్మక, 1797లో అంటువ్యాధితో మరణించి బయట పడి ఉన్న పిల్లల శవాలను స్వయంగా పరిశీలించాడు. ఆయన గ్రంథం ‘యీలిన్ గైత్సువో’ 1830లో వెలువడింది. ‘వైద్యవనంలోని తప్పుల సవరణ’ అని ఆ పేరుకు అర్థం. తప్పులు దిద్దబోయిన ఆయనా కొత్త తప్పులు చేశాడు. మరణానంతరం ధమనులు ఖాళీగా కనిపించడంతో వాటిలో ప్రవహించేది రక్తం కాదని, ‘చీ’ అనే ప్రాణశక్తి అని నిర్ణయించాడు.

అయినా పక్షవాతం విషయంలో ఆయన ఆలోచన పరిశీలించదగినది. శరీరంలోని చీ మొత్తం 10 పాళ్ళు అనుకుంటే ఒక్కోవైపు 5 పాళ్ళు ఉంటాయి. అందులో 5 పాళ్ళు పోయి, మిగిలిన 5 పాళ్ళు ఒకేవైపుకు చేరితే రెండోవైపు చచ్చుబడుతుంది. పోయిన ఆ 5 పాళ్ళను తిరిగి తెచ్చేది కనుక ఆయన కషాయానికి ‘బుయాంగ్ హువాన్‌వు తాంగ్’ అన్న పేరు వచ్చింది. ‘యాంగ్‌ను పోషించి అయిదింటిని మరలించే కషాయం’ అని అర్థం.

ఈ కషాయంలోని పరిమాణాలే దాని ఆంతర్యాన్ని చెబుతాయి. ఇందులో హువాంగ్ చీ, అంటే ఆస్ట్రగలస్ వేరు, 4 లియాంగులు. 1 లియాంగ్ 10 చియెన్‌లకు సమానం కనుక అది 40 చియెన్‌లు. మిగిలిన ద్రవ్యాలు 6: దాంగ్ గుయి వేరు కొస 2, ఎర్ర పియోనీ వేరు 1.5, వానపాము, చువాన్ శ్యోంగ్, పీచ్ గింజలోని పప్పు, కుసుమపువ్వు ఒక్కొక్కటి 1 చియెన్. ఈ ఆరూ కలిపి 7.5 చియెన్‌లు మాత్రమే. రక్తాన్ని నడిపి దారులను తెరుస్తాయని పేరున్నవి ఈ ఆరే. బలమిచ్చేదిగా పేరున్న ఒక్క వేరు వాటి మొత్తానికి 5 రెట్లకు పైగా ఉంది.

అంటే, అవరోధహర కషాయాలలో ప్రసిద్ధమైన ఈ యోగంలో అడ్డును తోసివేయడానికి ఇచ్చిన స్థానం చిన్నది. ప్రవాహం ఆగడానికి కారణం అడ్డు కాదు, తోసే శక్తి తగ్గడం అన్నది వాంగ్ నిర్ణయం. గావో షిజోంగ్ మాటలలో చెప్పిన సవరణను వాంగ్ తూకంలో చూపించాడు. ‘మూసుకున్న దారులను తెరిచే మందు’ అన్న ఒక్క వాక్యంతో దీన్ని పరిచయం చేస్తే ఈ భేదం పూర్తిగా మరుగునపడుతుంది.

వాంగ్ చూసింది ఒకవైపు చచ్చుబడిన శరీరాన్ని. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లి రక్తస్రావమైనా బయటికి కనిపించే పక్షవాతం ఒకటిగానే ఉండవచ్చు. నేడు ఆ భేదాన్ని స్కానింగ్ ద్వారా తెలుసుకుంటారు. రక్తాన్ని నడిపించే ద్రవ్యాలు రక్తస్రావమైనవారికి హాని చేయవచ్చు. దాంగ్ గుయి వంటివి రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచిన సందర్భాలు వైద్యసాహిత్యంలో నమోదయ్యాయి. ‘అవరోధం’ అన్న పదం రోగస్థితిని వర్ణించగలదు కానీ రోగనిర్ధారణకు బదులు నిలవలేదు.

6. ‘ము తోంగ్’ – పేరు నిలిచి మొక్క మారిన ఉదంతం:

‘ము తోంగ్’ అంటే ‘సాగిపోయే కట్టె’. ప్రాచీనమైన ‘షెన్‌నోంగ్ బెన్‌త్సావో జింగ్’లో ‘తోంగ్ త్సావో’ అనే ద్రవ్యం ఉంది. ‘సాగిపోయే మొక్క’ అని దాని అర్థం. అది నవరంధ్రాలను, రక్తమార్గాలను, కీళ్ళను సాఫీగా ఉంచుతుందని ఆ గ్రంథం చెబుతుంది. లీ షిజెన్ ఈ పేరును విచారించి, ఆ తీగలో రెండు చివరలకూ సాగే సన్నని రంధ్రాలు ఉండటం వల్ల దానికి తోంగ్ త్సావో అన్న పేరు వచ్చిందని, తన కాలంలో దాన్నే ము తోంగ్ అంటున్నారని వివరించాడు. తన కాలంలో తోంగ్ త్సావోగా పిలుస్తున్నది మరొక మొక్క అనీ గుర్తించాడు. అంటే 16వ శతాబ్ది నాటికే పేర్లు ఒక మొక్క నుంచి మరొక మొక్కకు జరిగాయి. ఆ జరుగుబాటును పట్టుకొని నమోదు చేసిన లీ షిజెన్ పరిశ్రమ పదవిమర్శకు మంచి నమూనా.

ప్రాచీన ము తోంగ్ అకేబియా జాతి తీగ. 20వ శతాబ్దిలో దాని స్థానంలోకి ఈశాన్య చైనాకు చెందిన ‘గువాన్ ము తోంగ్’ విస్తారంగా వచ్చింది. ఇది అరిస్టోలోకియా జాతికి చెందినది. ఇదీ తీగే, దీని కాండంలోనూ రంధ్రాలు ఉన్నాయి. పేరు కోరిన పోలిక అంతా దీనిలోనూ ఉంది. పోలిక చెప్పని విషయం ఒక్కటే, దీనిలోని అరిస్టోలోకిక్ ఆమ్లం. అది మూత్రపిండాలను నాశనం చేస్తుంది, మూత్రమార్గ క్యాన్సర్‌కు కారణమవుతుంది.

దాదాపు ఇలాంటి పేరు పొరపాటే బెల్జియంలోనూ జరిగింది. 1990ల ఆరంభంలో బరువు తగ్గడానికి వాడిన మాత్రలలో స్టెఫానియా జాతికి చెందిన ‘ఫాంగ్ జీ’ ఉండవలసి ఉండగా, అరిస్టోలోకియా జాతికి చెందిన ‘గువాంగ్ ఫాంగ్ జీ’ చేరింది. ఆ మందు వాడిన స్త్రీలలో మూత్రపిండాలు వేగంగా చెడిపోవడాన్ని వైద్యులు 1993లో ప్రకటించారు. తరువాత బాధితుల సంఖ్య 100 దాటింది. 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అరిస్టోలోకియా జాతి మొక్కలున్న మూలికామందులను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటిగా వర్గీకరించింది. 2003లో చైనా ప్రభుత్వం గువాన్ ము తోంగ్‌కు ఔషధప్రమాణాన్ని రద్దుచేసి, దాని స్థానంలో అకేబియా జాతి ము తోంగ్‌ను వాడాలని ఆదేశించింది.

న్యాయశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ ఉపమానం తన సొంత పరిధిలోనే విఫలమైంది. ‘రంధ్రాలున్న తీగ’ అన్న సాధర్మ్యం ఒకటి కంటే ఎక్కువ మొక్కలకు సరిపోయింది. కాబట్టి పేరు వస్తువును నిర్ణయించలేకపోయింది. కావ్యంలో ఒక ఉపమానం రెండు ఉపమేయాలకు సరిపోతే అది శోభ. మందులషాపులో అదే జరిగితే రోగికి ప్రాణాపాయం.

7. తెలుగు అనువాదానికి సూచనలు:

తెలుగులో ఈ విషయాన్ని రాసేవారు జింగ్-లువోకు మెరిడియన్, నాడి, శక్తిమార్గం వంటి మాటలను వాడుతున్నారు. ‘నాడి’ అన్న మాటకు తెలుగులో చేయి పట్టి చూసే నాడి, యోగశాస్త్రపు నాడి అనే అర్థాలు ముందే స్థిరపడి ఉన్నాయి. ‘స్రోతస్సు’ ప్రవాహచిత్రానికి దగ్గరిదే అయినా ఆయుర్వేద సిద్ధాంతమంతటినీ వెంట తెస్తుంది. ఈ స్థితిలో ‘జింగ్-లువో’ను యథాతథంగా ఉంచి, మొదటి ప్రస్తావనలో ‘పడుగు-వల’ అన్న వివరణ ఇవ్వడం మేలు. ‘తోంగ్’ను ప్రతిచోటా ‘తెరవడం’ అనకుండా, సందర్భాన్ని బట్టి సాగించడం, కదిలించడం, బలమిచ్చి నడిపించడం అని అనువదించవలసి ఉంటుంది.

మూలికల విషయంలో పేరు ఒక్కటే చాలదు. చైనా పేరు, ఆ పేరులోని అర్థం, వృక్షశాస్త్రనామం, వాడే భాగం అనే నాలుగూ విడివిడిగా ఇవ్వాలి. ఈ జాగ్రత్త తెలుగునాటికీ అవసరమే. పాముకాటుకు నాటువైద్యంలో పేరుపొందిన ‘ఈశ్వరి’ అరిస్టోలోకియా జాతి మొక్కే. దానిలోనూ అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. పేరులోని దైవత్వం ఆ ఆమ్లాన్ని తగ్గించదు.

8. ముగింపు:

i. జింగ్-లువో పదజాలంలో నేత, నది అనే రెండు చిత్రాలు ఉన్నాయి. ‘మెరిడియన్ మూసుకుపోవడం’ అన్న ప్రయోగం ఆ రెండింటినీ మరుగుపరుస్తుంది.

ii. ‘తోంగ్’ కేవలం అడ్డు తొలగించడం కాదు. గావో షిజోంగ్ వివరణ, వాంగ్ చింగ్‌రెన్ కషాయంలోని పరిమాణాలు దీనికి సాక్ష్యాలు.

iii. మూలికానామాలలోని పోలిక జ్ఞాపకానికి, కొంతమేర గుర్తింపుకు సాధనం. గుణనిర్ణయానికి అది ప్రమాణం కాదు.

iv. పేరు నిలిచి మొక్క మారినప్పుడు పోలిక ప్రమాదాన్ని కప్పిపుచ్చుతుందని ము తోంగ్ ఉదంతం రుజువు చేస్తుంది.

v. ఈ సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చేవారు పేరును, అర్థాన్ని, మొక్కను, గుణాన్ని వేరువేరుగా చూపాలి. నేతిబీరలో నెయ్యి వెతకకూడదని తెలిసిన భాషకు ఈ వివేకం కొత్తది కాదు. అన్యభాషాపదాల విషయంలోనూ దాన్ని పాటించడమే ఇప్పుడు అవసరం.